థింసా వాయించేవాళ్లు మనల్ని ఎలా చూసుకుంటారు?

చలికాలం సెలవులొస్తే విశాఖ నుంచి అరకు వెళ్లే కుటుంబాలు మనలోనూ చాలానే ఉన్నాయి. కిరండూల్ రైలుకి 2017లో అద్దాల పెట్టె తగిలించాక పిల్లల పోరు ఇంకా ఎక్కువైంది. బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం, కాఫీ, పద్మాపురం తోట, రాత్రికి రిసార్టులో చలిమంట, ఆ మంట దగ్గర థింసా. కాసేపు చూస్తాం, ఫోన్లో వీడియో తీస్తాం, భోజనానికి లేస్తాం. అంతసేపూ వాయించేవాళ్లు మన కోసం ఏం చేస్తున్నారో గమనించేవాళ్లు తక్కువ.

ముందు ఒక సంగతి తెలియాలి. ఊళ్లో థింసా ఆడేటప్పుడు ప్రేక్షకులంటూ వేరే ఎవరూ ఉండరు. పోర్జ, బగత, వాల్మీకి, కొండదొర, కోటియా తెగలవాళ్లు చైత్రమాసంలో ఇటుకల పండక్కి, పెళ్లిళ్లకి ఆడుకునే ఆట ఇది. పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు ఒకరి వీపు వెనక నుంచి ఇంకొకరి చేయి పట్టుకుని గొలుసులా వరస కడతారు. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు పక్కన మోగుతుంటాయి. పాట ఎక్కువగా ఆదివాసీ ఒడియాలో ఉంటుంది. థింసాలో రకాలు కూడా ఉన్నాయి. గ్రామదేవత కోసం ఆడేది బోడ థింసా, ఆకులు ఏరడాన్ని చూపించేది పోతర్ తోల, పులి నుంచి తప్పించుకోవడాన్ని చూపించేది బాగ్ థింసా, భుజాలతో నెట్టుకుంటూ ఆడేది కుండ థింసా. వచ్చినవాడు ఆ వరసలో కలిసిపోవాలి, కుర్చీ వేసుకుని కూర్చోవడం అనేది అక్కడ లేదు.

రిసార్టుకొచ్చేసరికి లెక్క తారుమారవుతుంది. చుట్టూ కుర్చీలు, మధ్యలో ఆట. అయినా ఈ కళాకారులు ఊరి పద్ధతి పూర్తిగా వదిలిపెట్టలేదు, కాసేపు ఆడాక చేయి చాచి మనల్ని వరసలోకి పిలుస్తారు. అసలు పనితనం అక్కడే కనిపిస్తుంది. అడుగు తెలియని నలుగురు మధ్యలో దూరితే గొలుసు తెగుతుంది, ఒకరు తూలితే పక్కనున్న ఇద్దరూ తూలతారు. అందుకే వాయించేవాళ్ల చూపు కొత్తవాళ్ల కాళ్ల మీద ఉంటుంది. దెబ్బ నెమ్మదిస్తుంది, అడుగు కుదిరాక మళ్లీ పుంజుకుంటుంది. "మాకూ వచ్చేసింది" అని మనం సంబరపడతాం గానీ, మన చేత ఆడించింది తుడుము.

మనవాళ్లకి ఇది కొత్తేం కాదు. సంగీతం వినొచ్చా వద్దా అన్న చర్చ పక్కన పెట్టి, ఉర్సులో ఖవ్వాలీ గుర్తు చేసుకోండి. ఖవ్వాల్ కళ్లు మూసుకుని పాడడు, మజ్లిస్‌ని చదువుతూ పాడతాడు. ఒక మిస్రా దగ్గర ఎవరికైనా హాల్ వచ్చిందంటే, ఆయన కుదుటపడేదాకా ఆ మాటే తిప్పితిప్పి పాడాలి, మధ్యలో వదిలేయడం తప్పు. ఖవ్వాలీలో వినేవాణ్ణి బట్టి పాట ఎలా మారుతుందో రెగులా ఖురేషీ 1986లో ఒక పుస్తకమే రాశారు. 1971లో పద్మశ్రీ అందుకున్న హైదరాబాద్ ఖవ్వాల్ అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ వారసులు ఈనాటికీ ఆ పద్ధతిలోనే పాడుతున్నారు. అడవిలో తుడుముకీ దర్గాలో ఢోలక్‌కీ చుట్టరికం లేదు, కానీ ఎదుటి మనిషిని కనిపెట్టుకుని వాయించడం రెండుచోట్లా ఒకటే.

డబ్బు దగ్గర మాత్రం తేడా ఉంది. ఖవ్వాలీలో నజ్రానాకి అదబ్ ఉంది: లేచి వెళ్లి, మజ్లిస్ పెద్ద చేతికిస్తే, ఆయన నుంచి అది ఖవ్వాల్‌కి చేరుతుంది. (నోట్లు తలమీద చల్లే అలవాటు కొన్నిచోట్ల వచ్చింది, అది వేరే జబ్బు.) థింసా దగ్గర ఇలాంటి పద్ధతి మనకెవరూ నేర్పలేదు. బాగా ఆడిన ఒకమ్మాయి చేతిలో నోటు పెట్టేసి వచ్చేస్తాం. నేను బీకాం చదివినవాణ్ణి, చూపు లెక్క మీదికే పోతుంది. ఆడేవాళ్లు పదిహేను మంది, వాయించేవాళ్లు అయిదుగురు అనుకోండి. అయిదొందల నోటు ఇరవై మందికి పంచితే మనిషికి పాతిక రూపాయలు. అదే నోటు ఒక్కరి చేతిలో పెడితే వరసలో మిగతావాళ్లు ఏమనుకోవాలి? ఇవ్వదలిస్తే బృందం పెద్దకి, అందరి ముందూ, ఇది అందరిదీ అని చెప్పి ఇవ్వాలి. రిసార్టు బిల్లులో థింసా ఖర్చు కలిపారో లేదో కూడా ముందే అడగండి. కలిపితే బృందానికి ఎంత వెళ్తుందని అడగడంలోనూ తప్పు లేదు, కస్టమర్ అడిగితేనే మేనేజర్ చెప్తాడు.

ఇంకొకటి. నవంబర్ నుంచి జనవరి దాకా టూరిస్టుల సీజన్, కాఫీ పళ్లు కోసే సీజన్ కూడా అదే. పొద్దంతా పొలంలోనో తోటలోనో వంగి పనిచేసిన మనిషే రాత్రి మంట దగ్గర మన కోసం వంగి అడుగేస్తుండొచ్చు. "ఇంకో పాట, ఇంకో పాట" అని అరిచేముందు, సినిమా పాట వాయించమని పట్టుబట్టేముందు ఇది గుర్తుంటే చాలు.

చైత్రంలో వెళ్లేవాళ్లకి ఇంకో అనుభవం ఎదురవుతుంది. ఇటుకల పండగ రోజుల్లో ఆడవాళ్లు దారికి అడ్డంగా దుంగ పెట్టి, ఆడిపాడి, బండ్లవాళ్ల దగ్గర పండగ డబ్బులు అడుగుతారు. దౌర్జన్యం అనుకుని గొడవపడే డ్రైవర్లున్నారు. అది వసూలు కంటే సరదా ఎక్కువ, పండగలో దారినపోయేవాళ్లకీ వాటా ఉందన్నమాట. పదో ఇరవయ్యో ఇచ్చి నవ్వితే దుంగ తీసేస్తారు.

మన ఇళ్ల ఆడవాళ్లు వరసలోకి వెళ్లడం ఇష్టం లేకపోతే చేయి జోడించి వద్దంటే సరిపోతుంది. వీడియో సంగతి మాత్రం మనం అడగాల్సిందే. మన ఇంటి పెళ్లిలో ఎవడో బయటివాడు ఆడవాళ్ల మొహం మీదికి ఫోన్ పెడితే ఊరుకుంటామా? అడగడానికి మంచి సమయం కూడా ఉంది. మంచుకి చర్మం వదులై డప్పు మోత మందగిస్తే వాయించేవాళ్లు ఆట ఆపి, దాన్ని మంట దగ్గర కాచుకుంటారు. చర్మం బిగిసేదాకా తీరిగ్గా ఉంటారు, అప్పుడు దగ్గరికెళ్లి ఏ ఊరని పలకరించొచ్చు.