పసిబిడ్డకు లంఖణం పనికిరాదు

“లంఖణం పరమౌషధ”మన్న మాట మన ఇళ్ళలో పెద్దల నోట తరచు వింటూనే ఉంటాము. అజీర్తి చేసిన పెద్దవారి సంగతి ఎట్లున్నా, జ్వరం తగిలిన పసిబిడ్డకు ఈ మాట వర్తించదు. జ్వరంలో ఒంటిలోని నీరు త్వరగా తరుగుతుంది. దేహం మామూలుకంటె ఎక్కువ శక్తిని ఖర్చు చేస్తుంది. అట్టి సమయంలో కడుపు మాడిస్తే బిడ్డ మరింత నీరసించక ఏమవుతుంది?

చంటిబిడ్డకు తల్లిపాలు మాటిమాటికి ఇవ్వవలెను. ఆరు నెలలు నిండనివారికి అవే చాలు. కాస్త పెద్దపిల్లలకు కాచి చల్లార్చిన నీరు, గంజి, మజ్జిగ, ఇడ్లీ, మెత్తని పప్పన్నం, ఏది సయిస్తే అది కొద్దికొద్దిగా పెట్టవచ్చు. తిండికి బలవంతం వద్దు. నీళ్ళు మాత్రం మానరాదు. కంబళ్ళు కప్పి కిటికీలు మూయకండి. పలుచని నూలుబట్ట వేసి గాలి ఆడనివ్వండి. చన్నీటితో ఒళ్ళు తుడిస్తే వణుకు పుడుతుంది.

బిడ్డ బాధపడుతుంటే పారాసిటమాల్ ఇవ్వవచ్చు. మోతాదు వయసుకంటె బరువును బట్టి నిర్ణయించడం మేలు: కిలోకు 15 మిల్లీగ్రాములు, మోతాదుల మధ్య ఆరు గంటల ఎడం, రోజుకు నాలుగుమార్లకు మించరాదు. ఈ సిరప్పు 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములున్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. కనుక “ఒక చెంచాడు” అన్నది లెక్క కాదు. సీసామీది అంకె చూసి, దానితో వచ్చిన కొలమూతతోనే పోయండి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరమున్నా వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. ఏ వయసువారైనా ఆయాసపడినా, మత్తుగా పడివున్నా, ఏమీ తాగకున్నా, మూత్రం బాగా తగ్గినా, మెడ బిగిసినా ఆలస్యం కూడదు. డెంగీలో జ్వరం దిగిన తరువాతనే ప్రమాదం ముదరవచ్చు. అప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తవలసిందే.

ఫిట్లు వస్తే బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా పెట్టడం, చేతిలో తాళాలు పెట్టడం వద్దు. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయండి. ముందే ఆగినా వైద్యునికి చూపించాలి.

జ్వరమెప్పుడు వచ్చినదీ, ఎంత ఉన్నదీ, మందు ఏ వేళకు ఎంత పోసినదీ ఒక కాగితం మీద వ్రాసి ఉంచండి. కంగారులో మాట తడబడినా, మనముండే ఊరి భాష ఏదైనా, ఆ అంకెలు ఏ వైద్యునికైనా తెలుస్తాయి.