వణికే చేయి – దూలగొండి గింజ

మా బరంపురంలో పెద్దవారి చేయి వణికితే, "వయస్సు మీద పడింది" అని వూరుకుంటాము. మేము గుమాస్తాలము, సంతకాలు చూడటమే మా పని. ఒక పింఛనుదారుగారి సంతకం ఏటేటా కుదించుకుపోయి, చివరకు చీమ తలకాయంత అయినది. మేము చూశామే గాని చెప్పలేదు. అది పార్కిన్సన్ వ్యాధి అని తెలిసేసరికి నాలుగేండ్లు గడచినవి.

1817లో లండను వైద్యుడు జేమ్సు పార్కిన్సన్ దీనిని వర్ణించాడు. ఆయుర్వేదం కంపవాతమన్నది. మెదడు అడుగున నల్లని చిన్న భాగంలో డోపమిన్ అనే రసాయనం తయారవుతుంది. అక్కడి కణాలు నశించినకొద్దీ నడక మందగిస్తుంది, చేయి వణుకుతుంది. డోపమిన్ నేరుగా యిస్తే మెదడులోనికి పోదు. లెవోడోపా పోతుంది, పోయి, అక్కడ డోపమిన్‌గా మారుతుంది.

ఆ లెవోడోపాను దూలగొండి గింజల నుండి మద్రాసులో దామోదరన్, రామస్వామి అనేవారు వేరుచేసి 1937లో ప్రకటించారు. మన ఒడియా సోదరులు బాయిడంక అనే దురదతీగ యిదే! 1961లో వియన్నా వైద్యులు లెవోడోపాను సూదిమందుగా యివ్వగా, మంచం పట్టినవారు లేచి నడిచారు.

అలాగని గింజలు నూరి మింగరాదు; ఏ గింజలో మందెంతో తెలియదు. వాడుతున్న మాత్రలు హఠాత్తుగా మానరాదు. పప్పు, చేప వంటి మాంసకృత్తులు మందుకు అడ్డుపడవచ్చును. మాత్ర వేళ వైద్యునడిగి తెలుసుకోవాలి.

వణికే ప్రతి చేయీ యీ వ్యాధి కాదు. వ్యాధి పూర్తిగా పోదు గాని, మందుతో పనులు సాగుతాయి. మీ యింటి పెద్దల వ్రాత చిన్నదవుతున్నదా? మావలె వూరుకోక, వెంటనే వైద్యునికి చూపించండి.