గంజాయి మానేసిన ఆ నాలుగు వారాలు

మత్తు వదిలించుకుంటున్న మహిళకు కోపం, కన్నీళ్లు ఒకేసారి ముంచుకొస్తాయి. అది ఆమె బుద్ధి కాదు, మెదడు కోలుకుంటున్న తీరు. ఇంటిల్లిపాదీ తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

రోజూ గంజాయి తాగే అలవాటున్న మహిళ మానేసిన రెండు మూడు రోజులకే చిన్న మాట కూడా పడలేని స్థితికి రావచ్చు. ఉన్నట్టుండి కోపం, ఆ వెంటనే ఏడుపు. గుండెల్లో దడ, అన్నం సయించకపోవడం, నిద్రలో పీడకలలు. ఇంట్లోవాళ్లు 'నీ తీరే అంత' అంటారు. 'అది లేకుండా నేను ఉండలేనేమో' అని ఆమె అనుకుంటుంది. రెండూ పొరపాటే.

లోపల ఏం జరుగుతుంది?

గంజాయిలో మత్తు కలిగించేది టీహెచ్‌సీ. మెదడులో అది సీబీ1 అనే గ్రాహకాల మీద పనిచేస్తుంది. భయాన్నీ కోపాన్నీ అదుపులో ఉంచే భాగాల్లో ఇవి ఎక్కువ. రోజూ టీహెచ్‌సీ వచ్చిపడుతుంటే మెదడు ఈ గ్రాహకాలను తగ్గించుకుంటుంది. మానేయగానే మత్తు ఆగిపోతుంది కానీ గ్రాహకాలు వెంటనే తిరిగిరావు. ఆ మధ్యకాలంలోనే మనసు అల్లాడుతుంది. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లోనే దీన్ని వైద్యపరమైన సమస్యగా గుర్తించింది. బాధ మొదటి వారంలో తీవ్రంగా ఉండి, రెండు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. నిద్ర కుదుటపడటానికి నెల దాటవచ్చు. గ్రాహకాలు దాదాపు నాలుగు వారాల్లో మామూలు స్థాయికి చేరుతున్నట్టు స్కాన్లలో తేలింది. అయితే ఆ స్కాన్లు చేసింది మగవారికే.

ఆడవారికి ఎందుకు ఎక్కువ?

చికిత్సకు వచ్చినవారిని పరిశీలిస్తే చిరాకు, మానసిక ఒడుదొడుకులు, కడుపులో వికారం మహిళల్లోనే ఎక్కువగా కనిపించాయి. ఈస్ట్రోజెన్ హార్మోన్ ప్రభావం ఒక కారణం కావచ్చు. నెలసరి ముందటి చిరాకు తోడైతే ఏది దేనివల్లో తెలియదు. అందుకే మానేసిన తేదీ, నెలసరి తేదీలు ఒకే డైరీలో రాసుకోవాలి. దిగులునో పాత గాయాన్నో మరిచిపోవడానికి గంజాయి పట్టినవారికి ఆ బాధంతా తిరిగి పైకి వస్తుంది. వారికి కౌన్సెలింగ్ తప్పనిసరి.

దారి ఉంది

ఈ బాధకంటూ ఆమోదం పొందిన ప్రత్యేక మందు లేదు. ఆలోచనల తీరును మార్చే సీబీటీ కౌన్సెలింగ్, వేళకు నిద్ర, రోజూ నడక సాయపడతాయి. చనిపోవాలనిపించినా, ఎవరూ లేకుండానే మాటలు వినిపించినా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. కేసు భయంతో చికిత్స మానుకోవద్దు. స్వయంగా వాడిన కేసుల్లో, చిన్న మోతాదు కేసుల్లో గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ఇష్టపూర్వకంగా చికిత్స తీసుకునే వ్యసనపరులకు మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. మత్తు మానడానికి 14446, మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు.

మీ ఇంట్లో ఒక ఆడపిల్ల గంజాయి మానేస్తుంటే, ఆ నెల రోజులు ఆమె కోపానికి తీర్పు చెప్పకండి. పక్కన ఉండండి, చికిత్సకు తోడు వెళ్లండి.