ఎండిన పొగాకుకు పదును: పెరిగిన తూకం ఎవరిది?

హిందూపురం: మార్చి సగం గడిచేసరికి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అంగళ్లలో నమిలే పొగాకు గలగలమంటుంది. కాడ వంచితే విరుగుతుంది, ఆకు నలిపితే పొడి అవుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే సీమ ఇది. గాలి పొడిగా ఉన్నప్పుడు పొగాకు తన తేమను విడిచిపెడుతుంది, ముసురు పట్టినప్పుడు మళ్లీ పుచ్చుకొంటుంది.

తరుగు సంగతి మన వర్తకులకు కొత్త కాదు. పట్టుకు 11 శాతం తేమను లెక్కకట్టి తూకం నిర్ణయించడం అంతర్జాతీయంగా ఒప్పుకొన్న పద్ధతి. ఎండకు చింతపండు ఎంత తగ్గుతుందో హిందూపురం మండీవారికి చెప్పనక్కరలేదు. పొగాకు చిల్లర బేరంలో మాత్రం ఇటువంటి లెక్క ఎవరూ కట్టరు. ఆకు పొగాకుపై 1943లో వచ్చిన కేంద్ర ఎక్సైజు సుంకం 1979 బడ్జెట్‌లో రద్దయ్యే వరకు గోదాములోని తరుగుకు అధికారులకు సమాధానం చెప్పుకోవలసి ఉండేది. ఆ తరువాత అది వర్తకుడి సొంత బాధ అయింది.

ఇంట్లో పెద్దవాళ్లు చేసే పద్ధతిలో నీళ్లు చల్లడం లేదు. పొగాకును డబ్బాలో పెట్టి, గట్టిగా పిండిన తడిగుడ్డను సరుకుకు తగలకుండా పైన ఉంచి మూత వేస్తారు. తెల్లవారేసరికి ఆకు పదునుకు వస్తుంది. వెంటనే గుడ్డ తీసివేయాలి, మరచిపోతే బూజు పడుతుంది. వాసనకు రెండు లవంగాలో, ఏలకులో వేస్తారు. ముక్కుపొడుముకు ఈ వైద్యం పనికిరాదు. నెయ్యి పట్టించిన పొడుముకు తడి తగిలితే ఉండ కడుతుంది. మద్రాసు పొడుమును ఎండిన అరటిపట్టలో కట్టి అమ్మడం ఊరకే కాదు.

అంగట్లో నీళ్లు, బెల్లపు నీళ్లు చల్లితే కథ వేరు. 12 శాతం తేమ ఉన్న క్వింటాలు సరుకును 20 శాతానికి తెస్తే 110 కిలోలు తూగుతుంది. ఆ 10 కిలోలూ నీళ్లే. కొన్నవాడి కొట్లో వారం రోజుల ఎండకు అవి పోతాయి, బేరం కూడా పోతుంది. ఎండకముందే బూజు పడితే సరుకే పోతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. తమిళనాడు నమిలే ఆకుపై తెల్లని ఉప్పు పొర ఉండటం నాణ్యతకు గుర్తు. దానిని బూజు అనుకొని మంచి సరుకును తిప్పి పంపేవారు, బూజును ఉప్పు అనుకొని కొనేవారు ఇద్దరూ నష్టపోతారు. తడివేలు రాస్తే ఉప్పు కరుగుతుంది. బూజు నూగులా లేస్తుంది, ముక్క వాసన కొడుతుంది.

ఆ వాసనను అత్తరుతోను, పన్నీరుతోను కప్పడం అన్నిటికంటె చెడ్డ పని. తడిసి నిలవ ఉన్న పొగాకులో సూక్ష్మజీవుల వల్ల నైట్రోసమైన్లు అనే విషపదార్థాలు పెరుగుతాయి, ఏ అత్తరూ వాటిని తీసివేయదు. పొగ లేని పొగాకు కాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2007లో వెలువరించిన గ్రంథంలో నిర్ధారించింది. పదును సరిగ్గా ఉన్న ఆకుకూ ఆ మాట వర్తిస్తుంది.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. ఇంటి డబ్బాలో ఏలకి వేసుకోవడం వేరు, అంగట్లో వక్క, సుగంధాలు కలిపి పొట్లాలు కట్టడం వేరు. ఆహార పదార్థాలలో పొగాకు కలపరాదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధన. ప్లాస్టిక్ పొట్లాలలో పొగాకు అమ్మకం నిషిద్ధమైనదీ ఆ ఏడే. 2003 చట్టం కింద హెచ్చరిక లేని ప్యాకెట్టు అమ్మరాదు. 2016 ఏప్రిల్ నుంచి ఆ హెచ్చరిక ప్యాకెట్టుపై 85 శాతం జాగాను ఆక్రమించాలి. విడి సరుకును వాసన కట్టి కాగితంలో చుట్టి అమ్మేవారు తరుగు మిగుల్చుకోబోయి కేసు తెచ్చుకొంటారు.

వేసవిలో సరుకు కొద్దికొద్దిగా ఎత్తడమే మేలు. దిగుమతి రోజునే ఒక కట్ట విప్పించి నడిమి ఆకును చూడాలి. పై ఆకు దారిలోనే ఎండి ఉంటుంది, చల్లిన నీరు నడిమి ఆకులో దొరుకుతుంది.