గాలి అందరిదీ.. గొంతెవరిది?

తుపాను రాత్రి నమ్మిన ఆకాశవాణిని ఎన్నికల వేళ కూడా అంతే గట్టిగా నమ్మగలగాలి.

పుదుచ్చేరి నుంచి కడలూరు వెళ్లే దారిలో వస్తుంది కిరుమాంబాక్కం. 2011 డిసెంబరు 30న థానే తుపాను ఆ రెండు పట్టణాల నడుమే తీరం దాటింది. 2024 నవంబరు 30న ఫెంగల్ కూడా పుదుచ్చేరి దగ్గరే దాటింది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే ఉన్న మన యానాం 1996 నవంబరు తుపానును ఎలా మర్చిపోతుంది? కరెంటు పోయి, సెల్‌ఫోన్లు మూగబోతే ఈ తీరానికి దిక్కు బ్యాటరీ రేడియోనే. పుదుచ్చేరిలో ఆకాశవాణి కేంద్రం 1967 నుంచీ ఉంది.

తుపాను బులెటిన్‌ను ఒకసారి శ్రద్ధగా వినండి. తుపాను ఎంత దూరంలో ఉంది, ఎటు కదులుతోంది, గాలి వేగమెంత, ఏ రేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు.. వాతావరణ శాఖ చెప్పింది చెప్పినట్టు చదువుతారు. అంచనా మారితే తర్వాతి బులెటిన్‌లో ఆ మాటా చెబుతారు. తెలిసినంతే చెప్పడం, ఎవరికి ఇబ్బందైనా దాచకపోవడం, మారితే సరిదిద్దడం.. పాత్రికేయ విలువలంటే ఇవే. రాజకీయ వార్త దగ్గరికొచ్చేసరికే పట్టు సడలుతోంది.

ముగ్గురు తెలుగువారు

ఆ పట్టు బిగించడానికి తెలుగువారు గట్టిగానే పాటుపడ్డారు. 1990లో సమాచార, ప్రసార మంత్రి పర్వతనేని ఉపేంద్ర హయాంలో, ఆకాశవాణికి స్వయంప్రతిపత్తి ఇచ్చే ప్రసార భారతి చట్టం పార్లమెంటులో గట్టెక్కింది. తర్వాత ఏడేళ్లు అటకెక్కింది. ఈలోగా 1995లో, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి ఉన్నారు. 1997లో మంత్రి ఎస్.జైపాల్‌రెడ్డి చట్టాన్ని అమల్లోకి తెచ్చారు. ఆ ఏడాది నవంబరు 23న ప్రసార భారతి పుట్టింది.

తాళం ఎవరి చేతిలో?

భిన్నాభిప్రాయాలకు చోటివ్వాలి, సొంత సిద్ధాంతమేదీ ప్రచారం చేయకూడదు అంటుంది ఆ చట్టం. దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో ఫలానాది ప్రసారం చేయమని, చేయవద్దని కేంద్రం ఆదేశించే వీలు కల్పిస్తున్నదీ ఆ చట్టమే, 23వ సెక్షన్‌లో. జీతాలకు కేంద్రం ఇచ్చే గ్రాంటే ఆధారం. జీతమిచ్చేవారిని నిలదీయడం ఎవరికైనా కష్టమే.

ఇది ఒక్క పార్టీ తప్పు కాదు. ఎమర్జెన్సీలో కిశోర్ కుమార్ పాటలు ఆపేశారు. 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ మరణవార్త ఎందరికో బీబీసీ ద్వారానే ముందు తెలిసింది. 2017లో తన స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగాన్ని మార్పులు చేయనిదే ప్రసారం చేయలేమన్నారని త్రిపుర ముఖ్యమంత్రి మాణిక్ సర్కార్ బయటపెట్టారు. ఇలాంటి ప్రతి సందర్భమూ రేడియో మీద నమ్మకాన్ని కొంత కొంతగా తినేస్తుంది. అలా పోయిన నమ్మకాన్ని తుపాను వచ్చిన రాత్రి అప్పటికప్పుడు ఎక్కడి నుంచి తెస్తాం?

ఏం చేయాలి?

నిధులు ఏటా మంత్రిత్వ శాఖ దయ మీద కాక, కొన్నేళ్లకు సరిపడా పార్లమెంటే ఖరారు చేయాలి. శ్రోతల ఫిర్యాదులు వినేందుకు చట్టంలో రాసుకున్న ప్రసార మండలికి నిజమైన బలం ఇవ్వాలి. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో 2008 నుంచి దళిత మహిళలు నడుపుతున్న సంఘం రేడియో లాంటి కేంద్రాలకు సొంత వార్తలు చెప్పే హక్కు దక్కాలి.

లోక్‌సభ అభ్యర్థి ఓటడగడానికి కిరుమాంబాక్కం వచ్చినా, కాకినాడ వచ్చినా రోడ్డు, నీళ్లతో పాటు ఈ ప్రశ్న కూడా అడగండి: ‘మా రేడియోకు స్వేచ్ఛ ఎప్పుడిస్తారు?’