వార్తల్లో పదం: నెట్‌వర్క్ బ్లాకింగ్

2024 ఫిబ్రవరి 8న చెన్నైలో 13 ప్రైవేటు బడులకు బాంబు బెదిరింపు మెయిళ్లు వచ్చాయి. అన్నీ ఉత్తుత్తివే. పంపింది స్విట్జర్లాండ్ సర్వీసు ప్రోటాన్ మెయిల్ ద్వారా అని తేలడంతో, తమిళనాడు పోలీసులు ఏకంగా ఆ సర్వీసునే ఆపమని కోరారు.

ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద కేంద్రం ఆదేశిస్తే ఇంటర్నెట్ కంపెనీలు దారి మూసేయాలి. ఇదే నెట్‌వర్క్ బ్లాకింగ్. సైట్ల పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్ఎస్‌లో ఆ సర్వీసు పేరుకు చిరునామా చెప్పకుండా ఆపొచ్చు. సర్వర్ ఐపీ చిరునామాకు వెళ్లే డేటా ప్యాకెట్లను మధ్యలోనే పారేయొచ్చు. అప్పుడు గుడియాత్తంలో లుంగీల వ్యాపారికీ, వేలూరులో చదువుకునే కుర్రాడికీ ఆ ఇన్‌బాక్స్ తెరుచుకోదు. బెదిరించినవాడు మాత్రం వేరే దారిన తిప్పే వీపీఎన్ పెట్టుకునో, వేరే మెయిల్ తెరిచో పని కానిస్తాడు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే ఇది!

ఆఫీసు ఫైర్‌వాల్ చేసేది కొంత నయం. స్పామ్ పంపే వైరస్‌లకు అడ్డుగా మెయిళ్లు వెళ్లే 25వ నంబరు పోర్టు మూసి, లాగిన్ అడిగే 587ను తెరిచి ఉంచుతుంది. ఉద్యోగుల మెయిళ్లు మామూలుగానే వెళ్తాయి.

స్విస్ అధికారులు కల్పించుకోవడంతో 2024లో ప్రోటాన్‌పై నిషేధం ఆగింది. 2025 ఏప్రిల్‌లో, ఒక డిజైన్ సంస్థ వేసిన కేసులో, ప్రోటాన్‌ను బ్లాక్ చేసే ప్రక్రియ చేపట్టాలని కర్ణాటక హైకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది.