నూనెకూ నీటికీ పొత్తు కుదిర్చే పెద్ద అణువులు



మన సరిహద్దు జిల్లాల నుంచి బతుకుదెరువు కోసం బొంబాయి వెళ్ళడం ఈనాటి మాట కాదు. నిజాం రాజ్యం నుంచి కూలికి వెళ్ళిన కామాఠీల పేరు మీదనే అక్కడి కామాఠిపురాకు ఆ పేరు వచ్చింది. నేటికీ ఆ చాళ్ళలోనూ, ధారావి సందుల్లోనూ తెలుగు కుటుంబాలు ఉన్నాయి. మీ ఆడపడుచో, మేనకోడలో అక్కడ నాలుగిళ్ళలో గిన్నెలు తోమి, బట్టలు ఉతికి బతుకుతూ ఉండవచ్చు. పండక్కి వచ్చినప్పుడు ఆమె చేతులు చూశారా? వేళ్ళ సందులు తెల్లగా పాలిపోయి, కణుపుల దగ్గర చర్మం పగిలి ఉంటుంది. కారం తగిలితే భగ్గుమంటుంది. పని మానితే ఆ రోజు కూలి పోతుంది, పని చేస్తే పుండు మానదు. ఆ చేతులు ఎందుకు పగులుతాయి, వాటికి రాసే క్రీము ఎలా పనిచేస్తుంది, అందులో నూనెనూ నీటినీ కలిపి ఉంచేదేమిటి అన్నది ఈ రోజు తెలుసుకుందాం.

ముందుగా సబ్బు సంగతి. ధారావిలో తోళ్ళ పని, కుండల పని ఉన్నట్టే సబ్బు పని కూడా ఉంది. హోటళ్ళలో వాడి వదిలేసిన సబ్బు ముక్కలను పోగుచేసి, కరిగించి, మళ్ళీ కడ్డీలుగా పోస్తారు. సబ్బు అణువుకు ఒక తల, ఒక తోక ఉంటాయనుకోండి. తలకు నీరంటే ఇష్టం, తోకకు నూనె అంటే ఇష్టం. తోకలు జిడ్డులో దిగబడతాయి, తలలు నీటివైపు ఉంటాయి. జిడ్డు చిన్న చిన్న బొట్లుగా విడిపోయి నీటితోపాటు కొట్టుకుపోతుంది. ఇలాంటి పదార్థాలను సర్ఫాక్టెంట్లు అంటారు.

చిక్కంతా ఎక్కడంటే, గిన్నెకు అంటిన జిడ్డేదో, చేతికి కాపుగా ఉన్న కొవ్వేదో సబ్బుకు తెలియదు. మన చర్మం పై పొర ఇటుక గోడలాంటిది. ఎండిన కణాలు ఇటుకలు, వాటి మధ్యనున్న కొవ్వు సున్నం. సబ్బు అణుభారం సుమారు 300. సాధారణంగా అణుభారం 500 దాటిన పదార్థాలు చర్మం పై పొరను దాటి లోపలికి పోవడం కష్టం. సబ్బు, డిటర్జెంటు అణువులు అంతకన్నా చిన్నవి కాబట్టి ఇటుకల మధ్యకు చొరబడి సున్నాన్ని కడిగేస్తాయి. పైగా చర్మం కొంచెం ఆమ్ల స్వభావం గలది, సబ్బు నీరు క్షారం. రోజుకు ఏడెనిమిది సార్లు ఇదే జరిగితే గోడ బీటలు వారదా మరి?

పోయిన సున్నాన్ని కొంతవరకైనా పూడ్చేదే క్రీము. అందులో నూనె ఉండాలి, నీరూ ఉండాలి. ఒట్టి నూనె రాసుకుంటే గిన్నె చేతిలోంచి జారుతుంది, ఒట్టి నీరు నిమిషంలో ఆరిపోతుంది. సీసాలో నీళ్ళు, నూనె పోసి ఎంత గిలకొట్టినా కాసేపటికి నూనె పైకి తేలుతుంది. అలా తేలకుండా, నూనె బొట్లు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా కాపు కాసే పదార్థమే ఎమల్సిఫయర్.

ఇది మన పెద్దలకు తెలియనిది కాదు. తుమ్మ జాతి చెట్ల బంకను నూరి, నూనె మందులను నీటిలో కలపడం పాతకాలపు మందుల తయారీలో మామూలు పద్ధతి. ఆ బంక ఒక పాలిమర్, అంటే వేలాది చిన్న అణువులు గొలుసులా అల్లుకున్న పెద్ద అణువు. అందులో చాలా భాగం చక్కెరల గొలుసులు, కొద్దిగా ప్రోటీను. ప్రోటీను భాగం నూనె బొట్టును పట్టుకుంటుంది, చక్కెరల గొలుసులు నీటిలోకి పరచుకుని పక్క బొట్టును దగ్గరికి రానివ్వవు.

నేటి క్రీముల్లో వాడే పాలిమర్ సర్ఫాక్టెంట్లు కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. వీటిలో ఒక రకం కార్బోమర్ అనే జెల్ పదార్థానికి దగ్గరి చుట్టం. దాని పొడవాటి గొలుసుకు అక్కడక్కడ నూనెను ఇష్టపడే తోకలు తగిలించి ఉంటాయి. ఆ తోకలు నూనె బొట్టులో లంగరు వేస్తాయి. మిగతా గొలుసు నీరు పీల్చి ఉబ్బి, బొట్టు చుట్టూ జెల్ తొడుగులా నిలుస్తుంది. సబ్బు అణువు ఒంటి చేత్తో పట్టుకుంటే, ఇది పది చేతులతో పట్టుకుంటుంది. అందుకే వంద గ్రాముల క్రీముకు అర గ్రాము లోపే చాలు. పైగా దీని అణువు చాలా పెద్దది. చర్మంలోకి చొరబడదు, ఉన్న కొవ్వును కడిగేయదు.

ఇంకొక విశేషం. ఇలాంటి జెల్‌కు ఉప్పు పడదు. డబ్బా మీద కార్బోమర్ అని రాసి ఉన్న జెల్ కొంచెం తీసుకుని చిటికెడు ఉప్పు చల్లి చూడండి, నీరు కారిపోతుంది. మన చెమటలో ఉప్పు ఉంటుంది కదా! చేతికి రాయగానే ఆ ఉప్పు తగిలి జెల్ తొడుగు కూలిపోతుంది, లోపలి నూనె బయటపడి చర్మం మీద పల్చని పొరగా పరచుకుంటుంది. డబ్బాలో నెలల తరబడి చెక్కుచెదరని క్రీము చేతి మీద క్షణంలో విడిపోవడానికి కారణం ఇదే.

ఇక మనం చేయవలసినది. పని ముగిశాక చేతులు మంచినీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, వెంటనే క్రీము రాయాలి. రాత్రి పడుకునేముందు వేసలీను రాసినా చాలు, అది లోపలి తేమను పోనివ్వదు. వీలైతే గిన్నెలు తోమేటప్పుడు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. క్రీము కొనేటప్పుడు తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, వాడవలసిన గడువు ఉన్నాయో లేదో చూడండి. పేరులేని డబ్బాల్లో విడిగా అమ్మేది ఎంత చవకైనా కొనవద్దు. మూత తీయగానే నూనె ఒకవైపు, నీరు ఒకవైపు కనిపించినా, వాసన మారినా పారేయండి. మంచి ఎమల్సిఫయర్ ఉన్న క్రీములో కూడా అత్తరు, నిలవ ఉంచే మందులు కొందరికి పడవు. ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒకటి రెండు రోజులు చూడండి. నెత్తురు వచ్చినా, చీము పట్టినా క్రీములతో కాలయాపన చేయకుండా డాక్టరుకు చూపించాలి. ఎవరో చెప్పారని స్టెరాయిడ్ క్రీములు సొంతంగా వాడకండి. వాడగా వాడగా చర్మం పల్చబడుతుంది.

ఈసారి ముంబయి నుంచి ఫోను వచ్చినప్పుడు డబ్బు ఎంత పంపుతున్నావని అడిగే ముందు, చేతులు ఎలా ఉన్నాయమ్మా అని ఒక మాట అడగండి. ఆ డబ్బు వచ్చేది ఆ చేతుల మీదుగానే కదా.